వంద గుర్రాల ఊరికి, పెమాతో ఒక మాట చెప్పడానికి

పన్నెండేళ్ళు కువైట్‌లో ఒకే ఇంట్లో పనిచేశాను. సెలవు దొరికిన ప్రతిసారీ రాయచోటికే పోయాను. 2016లో మాత్రం ముందు నేపాల్ వెళ్ళాను. కాట్మండూకు ఉత్తరాన హెలంబు అనే కొండసీమ ఉంది. అందులో తార్కేగ్యాంగ్ అనే ఊళ్ళో మూడు వందల ఏళ్ళ నాటిదని చెప్పుకునే బౌద్ధుల గొంప ఒకటి ఉంది. గొంప అంటే వాళ్ళ మఠం. అక్కడికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది కొండలు చూడటానికి వెళ్తారు. నేను వెళ్ళిన పని చెప్పాలంటే ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి.

ముబారక్ అల్ కబీర్

కువైట్‌లో ముబారక్ అల్ కబీర్ అనే పేటలో ఉన్న ఆ ఇంట్లో పనికి ఇద్దరం ఉండేవాళ్ళం. వంట, ఇస్త్రీ నావి. పిల్లల పని పెమాది. పెమా హెలంబు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను దీదీ అనేది. వంటింటి వెనక గదిలో ఎదురెదురు మంచాల మీద ఆరేళ్ళు పడుకున్నాం. మా భాష సగం అరబిక్కు, సగం హిందీ. ఇద్దరికీ రెండూ సరిగ్గా రావు కాబట్టి ఎవరూ ఎవరినీ వెక్కిరించే పని లేదు.

2013 చలికాలంలో ఒక సాయంత్రం ఇంటికి చుట్టాలు వచ్చారు. మరుగుతున్న టీ కెటిల్ తెచ్చి హాల్లో పొట్టి బల్ల మీద పెట్టాను. అంతలో మామా, అంటే మా యజమానురాలు, ఇస్త్రీ బట్టల కోసం పిలిస్తే మేడ మీదికి పరిగెత్తాను. చిన్నపిల్ల నూరాకి అప్పుడు నాలుగేళ్ళు. బల్ల మీది గుడ్డ పట్టుకుని లాగింది. కేక విని నేను దిగేసరికి పెమా పిల్లను ఎత్తుకుని, కాలిన చేతిని కుళాయి కింద పెట్టి నిలబడి ఉంది.

"కెటిల్ అక్కడ పెట్టింది ఎవరు?" అని మామా అడిగింది.

పెమా నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"నేను కాదు మామా," అంది పెమా.

"పిల్ల ఎవరి దగ్గర ఉండాలి?"

నా కూతురు స్వాతి ఆ ఏడాదే కడపలో నర్సింగులో చేరింది. నన్ను పంపేస్తే దాని చదువు ఆగిపోతుందని నాలో నేను అనుకుంటూ, ఆ మాటనే పట్టుకుని అయిదు రోజులు నోరు మూసుకున్నాను. అయిదో రోజు పెమాకి టికెట్టు తీశారు. ఖలాస్, అయిపోయింది. సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటేటప్పుడు ఒక్కసారి ఆగింది.

ఏడాదిన్నర తర్వాత నేపాల్లో భూకంపం వచ్చింది. వంటింట్లో చిన్న టీవీలో చూశాను. ఆమె కువైట్‌లో ఉంటే ఆ రాళ్ళ కింద ఉండేది కాదు కదా అన్న తలంపు ఆ రోజు పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. నెలన్నర తర్వాత పక్కింటి నేపాలీ డ్రైవరు ఎలాగో నంబరు సంపాదించి ఇచ్చాడు. పెమా రెండే మాటలు మాట్లాడింది. "బతికి ఉన్నా. అమ్మ లేదు."

అప్పటి నుంచి నేను ఒకచోట కూర్చోలేకపోయాను. తుడిచిన బల్లే మళ్ళీ తుడిచేదాన్ని. శుక్రవారం అబూ హలీఫాలో ఉండే సత్యవతి దగ్గరికి పోయినప్పుడు ఆమె వండిన అన్నం ముందు పెట్టుకుని కూడా లేచి తిరిగేదాన్ని. సత్యవతిది అమలాపురం పక్కన పల్లె. ఈ సంగతి ఆమె ఒక్కదానికే చెప్పాను.

"ఎల్లి చెప్పేసి రా అమ్మా," అంది సత్యవతి. "అలా మనసులో ఎట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతావు? తిడితే తిడుద్ది. తిట్టించుకుని రా."

సెలవు వచ్చినప్పుడు కాట్మండూ మీదుగా టికెట్టు అడిగాను. ఎందుకని మామా అడిగితే గుడికి మొక్కు ఉందన్నాను. అదీ అబద్ధమే.

బౌద్ధనాథ్ వీధి

విమానం నిండా నేపాలీ కుర్రాళ్ళు. కంబళ్ళు, గుడ్డల్లో చుట్టిన టీవీలు, ఒకతని ఒళ్ళో రైస్ కుక్కరు. దిగేముందు ఇచ్చిన కాగితం నింపడం రాక పక్కనున్న ఇద్దరు నా వైపు చూశారు. వాళ్ళవి నింపాను. వెనక వరసలో వాళ్ళు కూడా తమ కాగితాలు చాచారు. నా చేతులకు పని దొరికిందని సంతోషించాను. మంచుకొండలు కనబడుతున్నాయని అందరూ కిటికీల వైపు వంగితే, నేను ఎవరిదో పాస్‌పోర్టు నంబరు రాస్తున్నాను.

కాట్మండూలో బౌద్ధనాథ్ స్తూపం దగ్గర చవక గదిలో దిగాను. స్తూపం పైభాగం భూకంపానికి దెబ్బతిని, చుట్టూ వెదుళ్ళ పరంజా కట్టి ఉంది. దాని చుట్టూ జనం ప్రదక్షిణం చేస్తూనే ఉన్నారు. మనలాగే కుడిచేతి వైపు తిరుగుతారు. కానీ మన గుళ్ళలో ఉండే గాంభీర్యం లేదు. ఒకామె జపమాల తిప్పుతూనే కూరగాయలమ్మే ఆమెతో బేరమాడింది. ఒక ముసలాయన ఫోన్లో ఎవరినో కోప్పడుతూ మూడు చుట్లు తిరిగాడు. నేనూ తిరిగాను. వాళ్ళు నడిచారు, నేను పరిగెత్తినట్టు పోయాను.

టీ ఇరవై రూపాయలు, వాళ్ళ రూపాయలు. తాగేసి గ్లాసు తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి కడగబోయాను. దుకాణం ఆమె చేతిలోంచి లాక్కుంది.

"మీరు డబ్బిచ్చి తాగారు. కూర్చోండి," అంది హిందీలో. తర్వాత, "ఎక్కడి నుంచి?" అంది.

"ఇండియా."

"పోయినేడు సరిహద్దు మూసి మాకు గ్యాసు ఆపినవాళ్ళా?" ఆమె నవ్వుతూనే అడిగింది, కానీ కళ్ళు నవ్వలేదు. ఆ చలికాలమంతా కట్టెల మీద టీ కాచిందట.

"నేను కువైట్‌లో ఉంటాను," అన్నాను. అని, నాలిక కరుచుకున్నాను. ఏదడిగినా నాకు సంబంధం లేదని తప్పుకోవడం నాకు అంత అలవాటైపోయింది.

ఆ సాయంత్రం స్వాతి ఫోన్ చేసింది.

"మా, ఇంటికి రాకుండా ఆడికి యెందుకు బోయినావు?"

"ఒకామెను సూసి వచ్చా పాపా."

"యెవరామె?"

"మాతో పనిజేసినామె."

"ఆమెను సూడ్డానికి అంత దూరమా? నువ్వు నన్ను సూసి రెండేండ్లయింది మా."

వచ్చాక చెప్తానన్నాను.

మెలంచి

పొద్దున్నే మెలంచి బస్సెక్కాను. పైన రేకులు, లోపల కోళ్ళు, నా కాళ్ళ దగ్గర ఎవరిదో మేకపిల్ల. రోడ్డు ఒక పక్క కొండ, ఒక పక్క ఏరు. ఎదురుగా కొండవాలు మీద ఊళ్ళకు ఊళ్ళు కూలి, వాటి మధ్య కొత్త రేకుల గుడిసెలు ఎండకు మెరుస్తున్నాయి. దూరం నుంచి చూస్తే ఎవరో అద్దాలు పారబోసినట్టుంది. నా పక్కనామె కిటికీలోంచి వేలు చూపిస్తూ ఒక్కొక్క ఊరి పేరు చెప్పింది. కొన్ని పేర్ల తర్వాత ఒక అంకె చెప్పింది. పోయినవాళ్ళ లెక్క అని అర్థమవడానికి కాసేపు పట్టింది. అంకె చెప్పని ఊరు వస్తే నాకు ఊపిరి వచ్చేది.

మెలంచి బజారులో నూట యాభైకి అన్నం, పప్పు, కూర, గుంద్రుక్ అనే ఎండుటాకుల పులుసు. గోంగూరకు దూరపు చుట్టంలా ఉంది. అడగకుండానే రెండోసారి వడ్డించారు. కువైట్ ఇంట్లో నేను పన్నెండేళ్ళు నిలబడి తిన్నాను, గిన్నెలోంచే, వంటింటి బండ దగ్గర. ఇక్కడ హోటలామె నా ఎదురుగా కూర్చుని నేను తినడం చూస్తోంది. సగంలో లేచి చెయ్యి కడుక్కుంటే ఆమె మొహం చిన్నబోయింది.

తింబు నుంచి ఎక్కుడు

తింబు దాకా ఇంకో బస్సు. అక్కడ రాత్రి గడిపి తెల్లవారాక ఎక్కడం మొదలుపెట్టాను. నాది నున్నటి నేల మీద చెప్పులతో తిరిగే బతుకు. కువైట్‌లో శుక్రవారం సంతలో కొన్న బూట్లలో ఒకదాని అడుగు గంట నడిచేసరికి నోరు తెరిచింది.

వెనక ఒక పెద్దావిడ వస్తోంది. వీపున బుట్ట, బుట్టలో సగం సంచి సిమెంటు, బుట్ట తాడు నుదుటి మీదుగా. ఆమె పేరు డోల్మా. వయసు అడిగితే నవ్వింది. ఆగి, సిమెంటు సంచి అంచు పీలిక చించి నా బూటుకు మూడు చుట్లు చుట్టి ముడివేసింది. ఊళ్ళోకి ఎవరు ఎక్కినా గొంప కట్టడానికి ఏదో ఒకటి మోసుకెళ్తారని సగం హిందీలో, సగం సైగలతో చెప్పింది. ఇసుకో, మేకులో, చివరికి ఒక రాయో. నా సంచి చూపించి ఏముందని అడిగింది. పెమాకి తెచ్చిన ఖర్జూరాలు, బాదం పప్పులు ఉన్నాయన్నాను. తల అడ్డంగా ఊపి, దారి పక్కనున్న ఒక చదును రాయి తీసి నా చేతిలో పెట్టింది.

నేను ముందుకు ఉరికి, ఆయాసపడి ఆగేదాన్ని. ఆమె ఒకే అడుగు వేస్తూ వచ్చి నన్ను దాటి పోయేది. "బిస్తారై," అనేది ప్రతిసారీ. మెల్లగా అని. కువైట్‌లో రోజంతా నేను విన్న మాట యల్లా, త్వరగా కానీ అని. మెల్లగా పొమ్మని ఈ మధ్య నాతో ఎవరూ అనలేదు. అయినా మెల్లగా నడవడం నాకు చేతకాలేదు. చేరాక ఏం చెప్పాలో తెలియదు, చేరకుండా నిలవడమూ తెలియదు.

దారి మధ్యలో మంత్రాలు చెక్కిన రాళ్ళు పేర్చిన పొడుగాటి గోడ వచ్చింది. దానికి ఎడమ పక్కగానే పోవాలట. అక్కడ కూర్చుని డోల్మా వేయించిన పిండిలో నీళ్ళు కలిపి ముద్ద చేసి ఇచ్చింది. మన సత్తుపిండే. ఉప్పు లేదు, బెల్లం లేదు. ఆకలికి అమృతంలా దిగింది.

వంద గుర్రాల ఊరు

మధ్యాహ్నం దాటాక ఊరు చేరాను. ప్రతి ఇంటి ముందూ నిలువెత్తు గడకు పొడుగాటి తెల్లగుడ్డ, దాని నిండా మంత్రాలు. కొన్ని గడలు నిలబడి ఉన్నాయి, వాటి వెనక ఇళ్ళే లేవు.

రాళ్ళు మోస్తున్న ఆడవాళ్ళ వరసలో పెమా కనబడింది. చిక్కింది, నల్లబడింది. నన్ను చూసి బుట్ట దించింది.

"వచ్చావా దీదీ," అంది.

నా చేతిలో రాయి అలాగే ఉంది. అది తీసుకుని కుప్పలో వేసింది. కౌగిలించుకోలేదు. రేకుల ఇంట్లోకి తీసుకెళ్ళి టీ ఇచ్చింది. తియ్యగా ఉంటుందని గుటకేశాను. ఉప్పు, వెన్న. పొలమారి దగ్గు వచ్చింది. మూల కూర్చున్న పెమా మామయ్య నవ్వాడు. ఆయన గొంప లామా. లామా అంటే పెళ్ళి లేని సన్యాసి అనుకున్నాను. ఈయనకు భార్య, ఇద్దరు కొడుకులు, రెండు ఆవులు, బంగాళాదుంపల పొలం. పొద్దున పూజ, తర్వాత పార. ఇక్కడి లామాలు ఇలాగే సంసారులట.

ఊరి పేరుకు వంద గుర్రాల గొంప అని అర్థమని ఆయనే చెప్పాడు, పెమా హిందీలో మార్చింది. పూర్వం కాట్మండూలో మహమ్మారి వస్తే ఇక్కడి లామాను పిలిపించారు. ఆయన పూజకు రోగం తగ్గింది. ఏం కావాలని రాజు అడిగితే వంద గుర్రాలు అడిగి, వాటిని తోలుకొచ్చి ఈ గొంప కట్టాడట. "ఇప్పుడు గుర్రాలు లేవు. ఆడవాళ్ళు ఉన్నారు," అన్నాడు లామా.

గొంప

గొంప గోడలు కూలాయి. చెక్కిన కొయ్య స్తంభాలను ఒకదాని మీద ఒకటి పేర్చి పట్టా కప్పారు. మట్టిలోంచి తీసిన విగ్రహాలను పెద్ద రేకుల కొట్టంలో వరసగా కూర్చోబెట్టారు. ఒకదానికి చెయ్యి లేదు, ఒకదానికి కిరీటం సగమే ఉంది. వాటి ముందు వెన్న దీపాలు మాత్రం ఏ లోటూ లేకుండా వెలుగుతున్నాయి. రాయచోటి వీరభద్రుడి గుడిలో పుట్టి పెరిగిన కళ్ళకు ఈ దేవుళ్ళు కొత్త. అయినా గాయపడిన దేవుణ్ణి దాచకుండా అలాగే కూర్చోబెట్టి దణ్ణం పెట్టడం చూసి, అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

వాళ్ళ గ్రంథాలు పొడుగ్గా, విడి కాగితాలుగా ఉంటాయి. గుడ్డలో చుట్టి, చెక్క అట్టల మధ్య కడతారు. వాటిలోకి మట్టి దూరింది. ఏడాదిన్నరగా ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్క కాగితం ఎండలో పరిచి, మెత్తటి కుంచెతో మట్టి దులుపుతున్నారు. నాకూ ఒక కుంచె ఇచ్చారు. పెమా ఎదురుగా కూర్చుంది.

రెండు రోజులు అదే పని. మాట గొంతు దాకా వచ్చేది. వచ్చిన ప్రతిసారీ లేచి ఎవరివో టీ కప్పులు ఏరుకుని కడిగి తెచ్చేదాన్ని. రెండో రోజు లామా ఏదో అంటే అందరూ నవ్వారు.

"ఏమన్నాడు?" అన్నాను.

"నిన్ను ఎవరైనా పిలుస్తున్నారా అని అడుగుతున్నాడు," అంది పెమా. ఆమె నవ్వలేదు.

మూడో రోజు పొద్దున ఇద్దరమే ఉన్నాం. కాగితం మీంచి కళ్ళెత్తకుండా చెప్పాను.

"పెమా, ఆ కెటిల్ పెట్టింది నేను."

"తెలుసు."

"ఎట్లా?"

"ఇంట్లో ఇద్దరమే ఉన్నాం దీదీ. నేను పెట్టలేదు."

ఆమె ఇంకో కాగితం ముందుకు లాక్కుంది. తర్వాత ఆమే అంది. "నువ్వు చెబుతావని అయిదు రోజులు చూశాను. ఎయిర్‌పోర్టులో కూడా చూశాను. నన్ను దింపడానికి వచ్చిన మామా ఫోన్ మోగితే నువ్వే చెప్పావేమో అనుకున్నాను."

నేను ఏడుస్తూ, నా వల్లే నువ్వు ఇక్కడికొచ్చావు, అప్పుడే చెప్పి ఉంటే భూకంపంలో ఉండేదానివి కాదు అన్నాను. ఆమె కుంచె కింద పెట్టింది.

"నేను ఇక్కడ ఉన్నాను కాబట్టి అమ్మను నా చేతులతో తీశాను. కువైట్‌లో ఉంటే ఫోన్లో వినేదాన్ని. అది కొండ చేసిన పని. అది నీ మీద వేసుకోకు. కెటిల్ మాత్రం నీది."

"నన్నేం చెయ్యమంటావు?"

"నూరా నా చేతుల్లో పెరిగింది. నా భాషలో పాట పాడితే తప్ప నిద్రపోయేది కాదు. రేపు పెద్దదయ్యాక తన చెయ్యి చూసుకుని, ఇది పెమా చేసిందని చెబుతుంది. అది నేను ఒప్పుకోను." ఆ మాటలప్పుడు ఆమె గొంతు పెరిగింది. నా చేతిలోంచి కుంచె తీసేసుకుంది. "ఈ పని ఇక్కడివాళ్ళు చేసుకుంటారు. నీ పని అక్కడ ఉంది."

మర్నాడు రాళ్ళగోడ దాకా నాతో దిగి వచ్చింది. ఖర్జూరాలు పిల్లలకు పంచానని చెప్పింది. నా సంచిలో నాలుగు బంగాళాదుంపలు ఎప్పుడు వేసిందో చూడలేదు. "మామాకి చెప్పాక ఫోన్ చెయ్యి," అంది. "చెప్పకపోతే చెయ్యొద్దు."

దిగుడంతా వెనక్కి చూడలేదు. చూడాలనిపించింది.

రాయచోటి

ఇంట్లో స్వాతికి మొత్తం చెప్పాను. అప్పటికి అది మూడో ఏడాది చదువుతోంది. దాని మొహంలో నా మీద జాలి కోసం వెతికాను.

"కాలిన వెంటనే నీళ్ల కింద పెట్టల్ల మా," అంది. "ఆమె చేసిందే సరైన పని. ఆమెనే పంపించేసినారా?" పడుకునే ముందు, "నా చదువు కోసరమని ఇంగెప్పుడూ అనొద్దు మా," అంది.

తిరిగి ముబారక్ అల్ కబీర్

వచ్చిన మర్నాడే, మామా పొద్దుటి టీ తాగుతుంటే నిలబడి చెప్పాను. మొక్కు అబద్ధమని కూడా చెప్పాను. ఆమె గ్లాసు పక్కన పెట్టింది. అరుస్తుందని చూశాను, అరవలేదు.

"మూడేళ్ళు," అంది. "మూడేళ్ళు నా పిల్లలకు అన్నం పెట్టావు, ఈ నోరు మూసుకుని." తర్వాత నూరాను పిలిచింది. "దానికీ చెప్పు."

నూరా ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను. వంట చేస్తూ ఎన్నిసార్లు అనుకున్నానో ఆ మాటలు. చెబుతుంటే చిన్నవైపోయాయి. వేడి కెటిల్ అక్కడ పెట్టింది నేను, పెమా కాదు, పెమా నిన్ను నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది, నేను భయపడి చెప్పలేదు. పిల్ల తన చేతి వైపు చూసుకోలేదు. నన్నే చూసింది.

"పెమా ఎందుకు రాలేదు మరి?" అంది.

మామా మొహం తిప్పుకుంది.

వారం తర్వాత మామా నేను వేరే ఇంటికి మారడానికి కాగితం సంతకం చేసి ఇచ్చింది. పోలీసుల దాకా పోలేదు, జీతం ఆపలేదు. ఈ ఇంట్లో మాత్రం నిన్ను చూడలేను అంది. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. ఇప్పుడు అబూ హలీఫాలో ఒక ముసలావిడ ఇంట్లో ఉన్నాను. పిల్లలు లేని ఇల్లు. ఇప్పటికీ కూర్చున్నచోటు నుంచి ఊరికే లేస్తాను, కాకపోతే లేచాక ఎందుకు లేచానో గుర్తు రాక మళ్ళీ కూర్చుంటాను.

పెమాకి చెప్పానని అదే రోజు ఫోన్ చేశాను. సరే అని పెట్టేసింది. ఆ తర్వాత రెండు నెలలు ఏమీ లేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం సత్యవతి ఇంట్లో ఉండగా ఆమే చేసింది.

"మామా ఫోన్ చేసింది," అంది.

"క్షమించమందా?"

"లేదు. చాలాసేపు ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. తర్వాత నూరాకి ఇచ్చింది."

"నూరా ఏమంది?"

"పళ్ళు ఎన్ని ఊడాయని అడిగాను." ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో అంత దూరం నుంచి తెలియలేదు. "నాలుగు అంది దీదీ. నోరు తెరిచి చూపిస్తున్నా, కనబడుతున్నాయా అని అడిగింది. ఫోన్లో ఎలా కనబడతాయి. కనబడుతున్నాయి అన్నాను."